ఫిడేలు లోపల గ్వార్నేరి పేరుంటే అది గ్వార్నేరి చేసిందేనా? ఆ పేరుకు అంత ధర ఎందుకు?

మీ తాతగారు 1940ల్లో మద్రాసులో కొన్న ఫిడేలు అటక మీద దొరికిందని, పై పలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపల పాత కాగితం మీద 'జోసెఫ్ గ్వార్నేరియస్ ఫెసిట్ క్రెమోనే అన్నో 1741' (లాటిన్‌లో, 'క్రెమోనాలో జోసెఫ్ గ్వార్నేరి 1741లో చేసింది' అని) ఉందని రాశారు. పక్కన చిన్న సిలువ, దాని కింద ఐ.హెచ్.ఎస్. అనే మూడు అక్షరాలు ఉన్నాయన్నారు. అదే పేరున్న వయోలిన్ నూరు కోట్లు దాటి పలికిందని ఎక్కడో చదివారట. మీది అసలుదేనా, అమ్మితే ఎంత వస్తుంది, అసలు చెక్కతో చేసిన ఒక వాయిద్యానికి అంత ధర ఎందుకు అని అడిగారు.

ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు చివరిదాకా ఆశతో చదువుతారు. మీ ఫిడేలు గ్వార్నేరి చేసింది కాదు. మీరు పెట్టిన నాలుగు ఫోటోల్లో రెండు చాలు ఆ మాట అనడానికి. ఎలా చెప్పగలుగుతున్నానో కింద రాస్తాను. నేను ముప్ఫై ఏళ్లుగా వయోలిన్ల మరమ్మతు, వెల కట్టడం ఇదే పనిలో ఉన్నాను. మొదట మద్రాసులో, తర్వాత లండన్‌లో. ఈ లేబుల్ పట్టుకుని వచ్చినవాళ్లు నాకు ఏడాదికి పది మందైనా తగులుతారు. ప్రతిసారీ ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది. ఎందుకంటే వాళ్లు తెచ్చేది వాయిద్యం ఒక్కటే కాదు, దాన్ని వాయించిన మనిషిని కూడా తెస్తారు.

ఇక ఆ గ్వార్నేరి ఎవరో చూద్దాం. అది ఇంటిపేరు. ఇటలీ ఉత్తరాన, పో నది పక్కన క్రెమోనా అని చిన్న ఊరు ఉంది. వయోలిన్లు చేసే విద్య అక్కడ మొదట అమాటి వాళ్ల ఇంట్లో ఉండేది. తండ్రి నుంచి కొడుక్కి తప్ప గడప దాటేది కాదు. 1630లో ప్లేగు వచ్చి గిరోలమో అమాటి పోయాడు. కొడుకు నికోలో ఒక్కడే మిగిలాడు. తర్వాతి ఏళ్లలో ఆయన బయటి పిల్లల్ని శిష్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టాడు. అలా ఆయన ఇంట్లోనే ఉండి, అక్కడే తిని పని నేర్చుకున్నవాడు ఆంద్రేయా గ్వార్నేరి. ఆ ప్లేగే రాకపోతే ఇవాళ మనం మాట్లాడుకునే పేర్లలో సగం ఉండేవి కావని నా నమ్మకం.

ఆంద్రేయా కొడుకుల్లో పియెత్రో మాంటువాకు వెళ్లి స్థిరపడ్డాడు. జుసెప్పే క్రెమోనాలో తండ్రి దుకాణం నిలబెట్టుకున్నాడు. ఆ జుసెప్పే కొడుకుల్లో ఒకడు, అతని పేరూ పియెత్రోనే, వెనిస్ వెళ్లిపోయాడు. ఇంకొకడు 1698 ఆగస్టు 21న పుట్టిన బార్తొలొమేయో జుసెప్పే. మీ లేబుల్ మీద ఉన్న పేరు ఇతనిది. తండ్రి పేరు, ఇతని పేరు ఒకటే కాబట్టి తన లేబుల్ మీద ఆ సిలువ, ఐ.హెచ్.ఎస్. అక్షరాలు వేసుకున్నాడు. గ్రీకులో యేసు పేరు నుంచి వచ్చిన అక్షరాలవి. అందుకే జనం అతన్ని 'డెల్ జెసు' అంటారు. ఇక్కడి నుంచి నేనూ అలాగే అంటాను.

1722లో కాతరీనా రోటా అనే ఆస్ట్రియా అమ్మాయిని పెళ్లి చేసుకుని తండ్రి ఇంటి నుంచి వేరు పడ్డాడు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అతని పేరుతో చెప్పుకోదగ్గ పని కనిపించదు. 1731 ప్రాంతంలో సిలువ లేబుల్ మొదలవుతుంది. 1744 అక్టోబరు 17న, 46 ఏళ్లకే, పోయాడు. అంటే పూర్తిగా తన పేరు మీద పని చేసింది పదమూడు, పధ్నాలుగు ఏళ్లు. ఇవాళ లోకంలో మిగిలిన అతని వయోలిన్లు సుమారు 150. అదే ఊళ్లో, అదే పేటలో వయోలిన్లు చేసిన ఆంటోనియో స్ట్రాడివారి తొంభై దాటి బతికి, చివరిదాకా పని చేసి, 1737లో పోయాడు. ఆయన చేతి వాయిద్యాలు ఆరువందల యాభై దాకా మిగిలాయి. ధర గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు అతని పని. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నాకిష్టమైన భాగం ఇదే.

స్ట్రాడివారి వయోలిన్ చేతిలోకి తీసుకుంటే చెయ్యి ఎక్కడా ఆగదు. అంచు గుండ్రం, మూలల పొడవు, మెడ చివర చుట్ట, అన్నీ ఒకే మనసుతో గీసినట్టు ఉంటాయి. ఎడమ ఎఫ్ రంధ్రాన్ని కుడి దాని మీద పెడితే సరిపోతుందేమో అనిపిస్తుంది. డెల్ జెసు 1730ల మొదట్లో చేసినవి కూడా దాదాపు అంత శుభ్రంగానే ఉంటాయి. 1735 నాటి 'కింగ్' అనే వయోలిన్ క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఉంది. ఆ కాలం పనికి అది మంచి ఉదాహరణ. 1740 దాటాక అతని చెయ్యి మారిపోతుంది. ఎఫ్ రంధ్రాలు పొడుగవుతాయి, కొసలు సూదిగా తేలతాయి, ఎడమది కుడిదానితో కలవదు. ఒకటి కాస్త పైకి ఉంటుంది, ఒకటి కాస్త వాలి ఉంటుంది. అంచు వెంబడి నలుపు తెలుపు నలుపుగా పొదిగే సన్నని చెక్క పట్టీ ఉంటుంది, పర్‌ఫ్లింగ్ అంటాం. అది మూలల దగ్గర వంకర తిరిగి, కొన్నిచోట్ల గాడికి సరిగ్గా అందకుండా ఉంటుంది. చుట్ట మీద ఉలి దెబ్బలు అలాగే వదిలేశాడు. వేలితో తడిమితే మెట్లు మెట్లుగా తగులుతాయి.

చుట్టల గురించి ఇంకో సంగతి ఉంది. చాలా ఏళ్లపాటు కొడుకు వయోలిన్లకు చుట్టలు చెక్కింది తండ్రి అని నిపుణులు పోల్చుకున్నారు. ఒంటి మీద కొడుకు చెయ్యి, తల మీద తండ్రి చెయ్యి. 1740 ప్రాంతంలో తండ్రి పోయాక వచ్చిన చుట్టలు ఒక్కసారిగా వేరే రకంగా, మొరటుగా, బలంగా మారతాయి. వరసగా ఫోటోలు పెట్టుకుని చూస్తే ఆ ఇంట్లో ఒక మనిషి లేకుండా పోవడం చెక్కలో కనిపిస్తుంది. చివరి వయోలిన్లలో భార్య కాతరీనా చెయ్యి కూడా ఉందని కొందరి అభిప్రాయం.

ఆ మొరటుతనం చూసి వెనకటి రోజుల్లో ఒక కథ పుట్టింది. అతను జైల్లో పడ్డాడని, జైలరు కూతురు తెచ్చిచ్చిన చెక్క ముక్కలతో అక్కడే వయోలిన్లు చేశాడని. పంతొమ్మిదో శతాబ్దంలో పుస్తకాలకెక్కిన కథ ఇది, దానికి ఆధారం లేదు. మీకు ఎవరైనా ఇది చెప్పి వయోలిన్ అమ్మజూపితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పైకి మొరటు అన్నాను కానీ లోపల అసలు విద్య ఎక్కడా సడలలేదు. పై పలక, వెనక పలక ఎత్తు ఎలా లేవాలో, మందం ఎక్కడ ఎంత ఉంచాలో అతనికి బాగా తెలుసు. చాలా వాటిలో పలకలు స్ట్రాడివారి వాటికంటే మందంగా ఉంటాయి, ముఖ్యంగా వెనక పలక మధ్యలో. వార్నిష్ ఎర్రటి, నారింజ రంగుల్లో, కింద చెక్కలోని మెరుపు తెలిసేట్టు ఉంటుంది. కమాను గట్టిగా నొక్కి లాగినా నాదం పగలదు. కింది తీగ మీద చీకటిగా, బరువుగా పలుకుతుంది. మనవాళ్లు ఆధార షడ్జం తగ్గించి శ్రుతి చేసుకుని మంద్రంలో పాట నడుపుతారు కదా, అలాంటి చోట ఈ రకం నాదం ఎంత నిండుగా ఉంటుందో నేను ఒకసారి విన్నాను. ఒక మంచి నకలు మీద, మోహన రాగం. అసలుది కూడా కాదు. అయినా ఆ గది ఇప్పటికీ గుర్తుంది.

ఇంత గొప్పవాడైతే బతికి ఉండగానే పేరు రావాలి కదా అంటారు. స్ట్రాడివారికి రాజులు, మతపెద్దలు ఆర్డర్లు ఇచ్చేవారు. డెల్ జెసుకు అలాంటి పోషకులు ఉన్న దాఖలాలు లేవు. అతను పోయి యాభై ఏళ్లు దాటాక అతని పేరును లోకానికి వినిపించినవాడు ఇటలీ వయోలిన్ విద్వాంసుడు పగనీని. 1802 ప్రాంతంలో లివోర్నో ఊళ్లో కచేరీకి వయోలిన్ లేక ఇబ్బంది పడుతుంటే లివ్రాన్ అనే వ్యాపారి తన వయోలిన్ ఇచ్చాడని, కచేరీ విన్నాక 'ఇక దీన్ని నేను ముట్టను, మీరే ఉంచుకోండి' అన్నాడని చెప్పుకుంటారు. అది 1743లో డెల్ జెసు చేసింది. దాని గొంతు విని పగనీని 'ఫిరంగి' అని పేరు పెట్టుకున్నాడు, ఇటాలియన్‌లో 'ఇల్ కన్నోనే'. 1840లో చనిపోయాడు, వీలునామాలో దాన్ని తన సొంత ఊరు జెనోవాకు రాసిచ్చాడు. ఇప్పటికీ అది ఆ నగరం ఆస్తి.

జెనోవాలో తుర్సి భవనంలో గాజు పెట్టె ముందు నేను దాదాపు గంటన్నర నిలబడ్డాను. ఎఫ్ రంధ్రాలు రెండూ వేర్వేరు మనుషులు కోసినట్టున్నాయి. గడ్డం, చెయ్యి ఆనిన చోట వార్నిష్ పోయి చెక్క బయటపడింది. ఆ రంధ్రాలను నేను కోసుంటే మా గురువుగారు పలక పక్కన పడేసి మళ్లీ చెయ్యమనేవారు. కానీ కాసేపు చూశాక ఆ ఒంపులను దిద్దుదామన్నా ఎక్కడ దిద్దాలో తోచలేదు. వేగంగా, వెనక్కి చూసుకోకుండా, ఏం కావాలో తెలిసిన మనిషి కోసిన కోత అది.

ధరకు మూలం ఇక్కడే ఉంది. నకలు చేసేవాళ్లు శుభ్రమైన పనిని నకలు చేయగలరు. ఇంకా ఓపికగా చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. తొందరలో పడిన ఉలి దెబ్బను నకలు చేయడం కష్టం, ఎందుకంటే నకలు చేసేవాడికి తొందర ఉండదు. ఆ దెబ్బను నిదానంగా, జాగ్రత్తగా కొడతాడు. కొలతలు సరిపోతాయి, కోతలో ఊపు రాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో విల్యోమ్, ఇంగ్లండ్‌లో జాన్ లాట్ డెల్ జెసు నకళ్లు అద్భుతంగా చేశారు. లాట్ చేసినవి కొన్ని అసలువిగా చెలామణి అయ్యాయి కూడా. ఇవాళ వాటిని వాళ్ల సొంత పేరుతోనే లక్షల డాలర్లిచ్చి కొంటారు. అయినా అసలు దాని ధర ముందు అది చిన్న భాగమే. చెక్క అలాంటిదే, ఆకారం అదే, నాదం కూడా కొన్నిసార్లు పోటీ పడేదే. తేడా అంతా 'ఇది ఆ చేతి పని' అని చెప్పగలగడంలో ఉంది.

అంకెలు అడిగారు కాబట్టి ఇస్తున్నాను. 1741 నాటి 'వ్యూతాం' అనే డెల్ జెసును 2010లో 1.8 కోట్ల డాలర్లకు అమ్మజూపారు. తర్వాత రెండు మూడేళ్లలో ప్రైవేటుగా చేతులు మారింది. ధర బయటపెట్టలేదు గానీ 1.6 కోట్ల డాలర్లు దాటిందని వార్తలొచ్చాయి. మన లెక్కలో 130 కోట్ల రూపాయల పైమాటే, మీరు చదివింది దీని గురించే అయ్యుంటుంది. కొన్న మనిషి పేరు చెప్పకుండా ఆన్ అకీకో మేయర్స్ అనే కళాకారిణికి జీవితాంతం వాయించుకోమని ఇచ్చారు. 2009లో ఆరన్ రోజాండ్ అనే వయోలిన్ కళాకారుడు తన 'కొచాన్స్కీ' అనే డెల్ జెసును సుమారు కోటి డాలర్లకు అమ్ముకున్నారు. 2025 మార్చిలో 1731 నాటి 'బాల్టిక్' న్యూయార్క్ వేలంలో 94 లక్షల డాలర్లు పలికింది. స్ట్రాడివారి వైపు చూస్తే 2011లో 'లేడీ బ్లంట్' 1.59 కోట్ల డాలర్లు, 2022లో 'డా విన్చి' 1.53 కోట్ల డాలర్లు. లేడీ బ్లంట్ 1971లో అమ్ముడైంది 84,500 పౌండ్లకు. నలభై ఏళ్లలో ఎక్కడికి వెళ్లిందో చూడండి.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. వేలంలో సుత్తి దెబ్బ పడ్డ ధర వేరు, కొన్నవాళ్లు కట్టే మొత్తం వేరు. 2025 ఫిబ్రవరిలో 'జోకిమ్-మా' అనే స్ట్రాడివారి వయోలిన్ మీద సుత్తి కోటి డాలర్ల దగ్గర పడింది, వేలం సంస్థ రుసుముతో కలిపి 1.125 కోట్లయింది. అమ్మినవాళ్ల నుంచి కూడా కమిషన్ తీసుకోవడం మామూలే. పైగా ఈ స్థాయి వయోలిన్లు ఎక్కువగా వేలానికి రావు. ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలిసి, తలుపు మూసుకుని చేతులు మారతాయి. అందుకే 'మార్కెట్ రేటు' అనే మాట ఇక్కడ అంతగా పనికిరాదు.

మరి అదే చేతితో చేసిన రెండు వయోలిన్ల మధ్య అన్ని కోట్ల తేడా ఎందుకు? ఏ ఏడాది చేసింది, ఎంత చెడకుండా ఉంది, ఎవరు వాయించారు, కాగితాలేమున్నాయి, ఇవన్నీ కలిసి ధర కడతాయి. వీటిలో చెడకుండా ఉండటం గురించి జనానికి తక్కువ తెలుసు. పై పలక మీద పగుళ్లు ఉన్నా ఫర్వాలేదు, మూడొందల ఏళ్ల చెక్కకు అవి మామూలే. వెనక పలక మీద, లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్ర (సౌండ్‌పోస్ట్ అంటాం) ఆనే చోట పగులు ఉంటే మాత్రం ధర బాగా పడిపోతుంది. చుట్ట అసలుది కాకపోతే ఇంకా పడిపోతుంది. పాత వార్నిష్ మీద ఎవరో మెరుగు పెడదామని కొత్తది పూస్తే అదీ నష్టమే. మెడ మారిపోవడం మాత్రం లోపం కాదు. 1800 ప్రాంతం నుంచి తీగల బిగువు పెరిగి పొడుగు మెడలు కావాల్సొచ్చాయి. దాదాపు అన్ని పాత ఇటాలియన్ వయోలిన్లకూ మెడ కోసి, కొత్త చెక్క వేసి, అసలు చుట్టను దాని మీద అతికించారు.

ఎవరు వాయించారన్నదానికి ఒక ఉదాహరణ. 1740 నాటి ఒక డెల్ జెసు బెల్జియం వయోలిన్ విద్వాంసుడు యూజెన్ ఈజాయి దగ్గర ఉండేది. 'నా జీవితమంతా నమ్మకంగా తోడున్నది ఇదే' అని ఆయన కాగితం మీద రాసి దాని లోపల అతికించాడు. తర్వాత అది అమెరికా వయోలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టర్న్ చేతికి వచ్చింది. ఆయన దాని పక్కనే 'నాకు కూడా' అని రాసుకున్నాడు. ఇలాంటి రెండు చీటీలకు వెల కట్టమంటే నేను కట్టలేను, మార్కెట్ కడుతుంది.

కాగితాల సంగతి. డెల్ జెసుదా కాదా అని చెప్పేది లేబుల్ కాదు. లేబుల్ ఎవరైనా అతికించవచ్చు, అతికించారు కూడా, లక్షల్లో. వందేళ్లకు పైగా ఈ మాట చెప్పే అధికారం కొద్దిమంది కళ్లకే ఉంది. లండన్‌లో హిల్ కుటుంబం, న్యూయార్క్‌లో వర్లిట్జర్ దుకాణం లాంటివాళ్లు వందలాది అసలు వాయిద్యాలను చేతిలో పట్టుకుని చూసి, ఫోటోలతో సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఆ సర్టిఫికెట్ కూడా ఒక అభిప్రాయమే. కానీ అనుభవమున్న అభిప్రాయం. దానికి తోడుగా ఇప్పుడు చెక్క వయసు లెక్కగట్టే పద్ధతి వచ్చింది. పై పలక స్ప్రూస్ చెక్కలో ఏడాదికొక గీత ఉంటుంది. ఆ గీతల వెడల్పులను ఆల్ప్స్ కొండల్లో చెట్ల పాత లెక్కలతో పోలిస్తే ఆఖరి గీత ఏ ఏడాదిదో తెలుస్తుంది. ఆఖరి గీత 1790 అని తేలితే అది 1744లో పోయినవాడు చేసింది కానే కాదు. ఆఖరి గీత 1720 అని తేలితే మాత్రం అతనే చేశాడని రుజువైనట్టు కాదు, చేసి ఉండటానికి అడ్డు లేదని మాత్రమే అర్థం. ఈ తేడా తెలియక మోసపోయినవాళ్లున్నారు.

నమ్మకం మీద నడిచే బజారు కాబట్టి నమ్మకం తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. వియన్నాలో డీట్మార్ మాహోల్డ్ అనే పెద్ద వర్తకుడు, స్ట్రాడివారి వయోలిన్లు అమ్మడంలో ప్రపంచంలోనే పేరున్నవాడు, బ్యాంకులో అప్పు కోసం తాకట్టు పెట్టిన స్ట్రాడివారిలు అసలువి కావని తేలింది. 2012లో ఆరేళ్ల జైలు శిక్ష పడింది. చిన్న స్థాయిలో నాకు తెలిసిన సంగతి ఒకటి: గోదావరి జిల్లాలో ఒక కుటుంబం వాళ్లు, ఎవరో ఇచ్చిన ఒక పేజీ 'వాల్యుయేషన్' కాగితం నమ్మి, దాని మీద అప్పు చేసి, వయోలిన్ పట్టుకుని లండన్ దాకా వచ్చారు. ఆ కాగితం మీద ఫోటో లేదు, కొలతలు లేవు, చేసినవాడి పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. నా బల్ల మీద ఆ వయోలిన్ పెట్టి ఆ పెద్దాయన నా మొహంలోకి చూసిన చూపు నేను మర్చిపోలేదు. మీరు ఏ కాగితం కోసమూ ముందుగా డబ్బు కట్టొద్దని చెప్పడానికే ఇది రాశాను.

ఇక నాదం. అంత ధరకు అంత గొప్పగా పలుకుతాయా? 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్, వయోలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ బృందం ఒక పరీక్ష పెట్టింది. గదిలో చీకటి చేసి, కళ్లకు ముదురు అద్దాలు పెట్టి, 21 మంది వాద్యకారులకు మూడు కొత్త వయోలిన్లు, మూడు పాతవి ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివారివి, ఒకటి డెల్ జెసుది. ఎక్కువమందికి నచ్చింది ఒక కొత్తది. అందరికంటే తక్కువగా నచ్చింది ఒక స్ట్రాడివారి. పాత మూడింటి విలువ కొత్త మూడింటికి సుమారు వంద రెట్లు. తర్వాత పారిస్ దగ్గర పెద్ద స్థాయి సోలోయిస్టులతో చేసిన పరీక్షలోనూ కొత్తవే ముందున్నాయి. నేను దీన్ని ఒప్పుకుంటాను. ఇవాళ బతికి ఉన్న మంచి వయోలిన్ తయారీదారుల పని అంత బాగుంటోంది. అయినా ఏళ్ల తరబడి ఒకే డెల్ జెసుతో బతికిన వాద్యకారులు దాని లోతు తెలియడానికి నెలలు పడుతుందంటారు, పది నిమిషాల పరీక్షలో అది బయటపడకపోవచ్చు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ధరను నాదంతో కొలవొద్దు. నాదానికి కట్టాల్సిన డబ్బు కొన్ని వేల డాలర్ల దగ్గర మొదలై కొన్ని పదుల వేల దగ్గర ఆగిపోతుంది. ఆ పైన కట్టేదంతా చరిత్రకు, అరుదుదనానికి.

ఇప్పుడు మీ ఫిడేలు. మీరు పెట్టిన చుట్ట ఫోటో చూశాను. చుట్ట మీది రెండు గాళ్లు ముందు వైపుకు తిరిగి, చుట్ట అడుగున చుట్టుకుని, అది బిరడాల పెట్టెను కలిసే లోపలి మూల దాకా వెళ్లాలి. మీ దాంట్లో గాడి చుట్ట అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండే చోటికి ముందే ఆగిపోయింది. జర్మనీలో శాక్సనీ ప్రాంతంలోని మార్క్‌నోయ్‌కిర్షెన్, దాని పక్కన సరిహద్దుకు అవతల బొహీమియాలో షోన్‌బాఖ్, ఈ ఊళ్లలో ఇళ్లల్లో కూర్చుని ఒకరు చుట్టలు, ఒకరు పలకలు, ఒకరు మెడలు చేసి, టోకు వర్తకులకు ఇచ్చేవారు. డజన్ల లెక్కన వెళ్లే సరుకు కాబట్టి చూపు ఆనని చోట చెక్కడం ఆపేసేవారు. అలాగే మెడ మీద అతుకు గీత కనిపిస్తోందని, అది పాతదనానికి గుర్తేమో అని అడిగారు. ఫోటో పెద్దది చేసి చూడండి, గీతకు అటూ ఇటూ చెక్కలోని చారలు తెగకుండా ఒకే వరసలో సాగుతున్నాయి. అది అతుకు కాదు, పాతదిగా కనిపించాలని కొనతో గీసిన గీత. లేబుల్ అచ్చు కూడా ఆ కాలానిదే. స్ట్రాడివారి, గ్వార్నేరి, అమాటి పేర్లతో లేబుళ్లు అచ్చువేసి, ఏ నమూనా చూసి చేశారో చెప్పడానికి అతికించేవారు. కొన్నవాళ్లకు అప్పట్లో ఆ సంగతి తెలుసు. తరం మారేసరికి ఆ కాగితం ఒక్కటే మిగిలింది. 1890లో అమెరికా చట్టం వచ్చాక ఆ దేశానికి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు వేయాల్సొచ్చింది. మీ దాని మీద దేశం పేరు లేదంటున్నారు, మద్రాసుకు వచ్చినవాటిలో అది ఉండకపోవడం మామూలే.

నా అంచనా: 1890కి, 1930కి మధ్య శాక్సనీ లేదా బొహీమియా పని. ధర, బాగు చేసిన తర్వాత, కొన్ని వందల డాలర్లు. పై పలక అడుగున పొడుగ్గా ఉండే కర్ర, అంటే బాస్ బార్, విడిగా చేసి అతికించిందైతే, మూలల్లో దిమ్మలు ఉంటే, వెయ్యి దాటవచ్చు. బాస్ బార్ పలకలోంచే చెక్కి వదిలేసిందైతే తక్కువ. చిన్న అద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది.

మీ ఫోటోల్లో నన్ను ఆపింది ఇంకొకటి. చుట్ట కుడి చెంప అరిగిపోయి నున్నగా అయింది, ఎడమ చెంప మీద ఉలి గుర్తులు ఇంకా ఉన్నాయి. యూరప్‌లో వాయించిన ఫిడేలు అలా అరగదు. అక్కడ చుట్ట గాలిలో ఉంటుంది. మీ తాతగారు కింద కూర్చుని, చుట్టను కాలి చీలమండ దగ్గర ఆనించి, ఏళ్ల తరబడి వాయించిన గుర్తు అది. ద్వారం వేంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విన్న తరం వాళ్లు కదా. ఎవరైనా 'చుట్ట మార్చి కొత్తది వేస్తాం, రేటు పెరుగుతుంది' అంటే ఒప్పుకోకండి. రేటు పెరగదు, ఆ అరుగుదల పోతుంది.

అమ్మే ఆలోచనే ఉంటే విదేశానికి పంపేముందు ఒక మాట. మన దేశంలో వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించే అవకాశం ఉంది. కస్టమ్స్‌లో ఆగిపోతే ఈ ధర వస్తువుకు ఖర్చే ఎక్కువ. ముందుగా పురావస్తు శాఖ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. కమాను గురించి మీరు ఏమీ రాయలేదు. పెట్టెలో ఉంటే దాని ఫోటో కూడా పెట్టండి, పట్టు దగ్గర కర్ర మీద అచ్చు ఏమైనా ఉందేమో చూడండి. మామూలు ఫిడేలు పెట్టెలో దానికంటే విలువైన కమాను దొరికిన సందర్భాలు నేను చూశాను.

మరమ్మతు చేయించేటట్టయితే చెక్కపనికి వాడే తెల్ల గమ్ము దగ్గరికి రానివ్వకండి. వయోలిన్ అతుకులకు జంతువుల తోలు నుంచి కాచిన బంకే వాడాలి, అవసరమైనప్పుడు వేడి నీళ్లతో విడదీయగలిగేలా. లోపలి లేబుల్ కూడా పీకొద్దు, అది అబద్ధమైనా ఆ ఫిడేలు పుట్టుకలో భాగమే.

వెనక పలక మీద సన్నని పగులు ఉందని చివర్లో రాశారు. అది తీగలను మోసే బ్రిడ్జి కుడి కాలికి (ముందు నుంచి చూస్తే) కాస్త కింద, సౌండ్‌పోస్ట్ ఆనే చోట ఉంటే ఇప్పుడే నాలుగు తీగలూ సగం వదులు చేయండి. పూర్తిగా తీసేయకండి, సౌండ్‌పోస్ట్ పడిపోతుంది. పగులు పక్కన ఒక స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, ఏటవాలుగా ఒక ఫోటో తీసి పెట్టండి. అది చూశాక ఎవరికి ఇచ్చి బాగుచేయించాలో చెబుతాను.